పిండి కొద్దీ రొట్టె, పందుల కొద్దీ చెక్కు

సర్కారు సొమ్ము ఊరికే పంచిపెట్టడం మహాపాపమని అమెరికా పల్లెల్లో గట్టి నమ్మకం. అయోవా రాష్ట్రంలోని సూ కౌంటీనే (మన జిల్లా లాంటిది) తీసుకోండి. మనుషులు 36 వేల దాకా, పందులు పది లక్షల పైచిలుకు. 2020లో పదింట ఎనిమిది ఓట్లు ట్రంప్‌కే పడ్డ చోటు. అలాంటి గడ్డ మీదకు కరోనా సాయం వచ్చిందంటే అది ఉచితం కాదని, లెక్కగట్టి చెల్లించిన న్యాయమని మనం ముందే ఒప్పేసుకోవాలి.

కష్టం మాత్రం నిజమే. ఆ ఏప్రిల్‌లో పొరుగున దక్షిణ డకోటాలో సూ ఫాల్స్ పంది మాంసం కర్మాగారం కరోనాతో మూతపడింది. అమ్మకానికి ఎదిగిన పందులు దొడ్లోనే లావెక్కిపోయాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో పాలు నేలపాలయ్యాయి. అమ్మబోతే అడవి అంటారే, అదే. రైతులకు నేరుగా 1,600 కోట్ల డాలర్లు ఇస్తామంది వ్యవసాయ శాఖ. ఇక్కడిదాకా నవ్వడానికేమీ లేదు.

నవ్వు దరఖాస్తు దగ్గర మొదలవుతుంది. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్యకు ధర కనీసం 5 శాతం పడిన సరుకుకే సాయం. పంది పిల్లకు 28 డాలర్లు, కోతకు బలిసిన పశువుకు 214. పిండి కొద్దీ రొట్టె! వెయ్యి తలలున్నవాడికి వెయ్యి దుఃఖాలు, యాభై ఉన్నవాడికి యాభయ్యే. శోకాన్ని ఇంత కచ్చితంగా తూచిన తక్కెడ మన వేదాంతుల దగ్గర కూడా లేదు. మనిషికి 2,50,000 డాలర్లకు మించి ఏడవకూడదని హద్దు పెట్టారు. కంపెనీగా ఏర్పడి ముగ్గురు సేద్యంలో చెయ్యి పెడితే 7,50,000 దాకా ఏడవచ్చు.

(మనం మరీ విరగబడి నవ్వనక్కర్లేదు. తెలంగాణ రైతుబంధు కూడా ఎకరాలనే చూసింది. పట్టా ఉన్నవాడికి ఎన్ని ఎకరాలుంటే అన్ని ఐదు వేలు, చెమటోడ్చిన కౌలు రైతుకు దణ్ణం.)

వ్యవసాయ మంత్రి సానీ పెర్డ్యూ 2019 అక్టోబరులో విస్కాన్సిన్ పాడి రైతుల దగ్గరికెళ్ళి ఓ సత్యం చెప్పారు: అమెరికాలో పెద్దవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళవుతారు, చిన్నవాళ్ళు తప్పుకుంటారు, ఏ చిన్న వ్యాపారానికీ ఆదాయం గ్యారంటీ లేదు అని. ఏడాది తిరిగేసరికి సర్కారు నుంచి రైతులకు చేరిన సొమ్ము దాదాపు 4,600 కోట్ల డాలర్లు, అప్పటికి అదే రికార్డు. జోస్యంలో మొదటి సగమైనా ఫలించాలని మంత్రిగారు స్వయంగా పూనుకున్నట్టుంది.

రెండో విడతను ట్రంప్ సెప్టెంబరు 17న అదే విస్కాన్సిన్‌లో ప్రకటించారు. ఎన్నికలకు ఏడు వారాల ముందు, ఎన్నికల సభలోనే. వేదిక ఎంపిక కాకతాళీయం, తిథి నక్షత్రాలు అలా కుదిరాయంతే. ఈసారి జాబితాలోకి మేకలు ఎక్కాయి. బొచ్చు కోట్ల కోసం పెంచే మింక్‌లు కూడా ఎక్కాయి. నేను ఆ జాబితా ఆసాంతం వెతికాను. కర్మాగారంలో భుజం భుజం రాసుకుంటూ పందుల్ని కోసి, జ్వరాలు ఇంటికి మోసుకెళ్ళిన కూలీ అందులో లేడు. న్యాయమేగా, అతని ధర 5 శాతం పడినట్టు రుజువేదీ?

అతని సంగతి 2022లో గుర్తొచ్చింది. ఒక్కొక్కరికి ఒకేసారి 600 డాలర్లు. పాత రేటున కడితే ఇరవయ్యొక్క పంది పిల్లలు, పైన 12 డాలర్ల చిల్లర.