సవరణ: ద్రాస్‌లో మామ లారీ, డీజిల్ సంగతి

పోయిన వారం మా మామ లారీ గురించి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చిత్తూరు నుంచి మామిడి గుజ్జు డ్రమ్ములతో ఢిల్లీ వెళ్లి, అక్కడ లేహ్‌కు లోడు ఎత్తిన ట్రిప్పు అది.

"ద్రాస్ దగ్గర డీజిల్ ఐసులా గడ్డకట్టింది, కిరోసిన్ కలపడం తప్ప దారి లేదు" అని రాశాను. (ద్రాస్ అంటే లేహ్ వెళ్లే దారిలో, లద్దాఖ్‌లో బాగా చలి ఉండే ఊరు.) చదివి మామే ఫోన్ చేసి తిట్టాడు. డీజిల్ నీళ్లలా గడ్డకట్టదు. చలికి అందులోని మైనం విడిపోయి, పేరుకుని ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. చలికాలం మనింట్లో కొబ్బరినూనె సీసాలో పేరుకోదూ, అలాగన్నమాట. తెల్లారి ఫిల్టర్ విప్పితే లోపల నెయ్యి పూసినట్టు ఉందట. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాదు. కింద మైదానంలో కొట్టించిన డీజిల్‌తోనే పైకి ఎక్కడం అసలు పొరపాటు. కిరోసిన్ కలపడం అక్కడి పాత అలవాటే. కానీ 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం చలికాలపు డీజిల్ తెచ్చింది. అది మైనస్ 33 డిగ్రీల్లోనూ పారుతుంది.

రెండోది, ఖర్దుంగ్ లా ఎత్తు (అక్కడ 'లా' అంటే కొండ కనుమ). పాత బోర్డు ఫోటో చూసి 18,380 అడుగులని రాసేశాను. అసలు ఎత్తు 17,582 దగ్గర. పైగా అది లేహ్ దాటాక నుబ్రా వైపు ఉంటుంది, మామ అటు పోనే లేదు! ఆయన ఎక్కింది జోజి లా, సుమారు 11,500 అడుగులు. భాకరాపేట ఘాట్ అలవోకగా దించే మనిషి, అక్కడ మాత్రం మొదటి గేరులోనే పాకాడట.

ట్యాంకు కింద మంట పెట్టొచ్చన్న వాక్యం కూడా తీసేశాను.