ఆ ఇడియట్ మనల్ని ఏమన్నాడని?

ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు ఐదోసారి. బావమరిది పంపాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి తర్వాత మళ్లీ పలకరించనివాడు కూడా దీనికోసం పలకరించాడు. "భారత్‌ని అవమానిస్తూ బ్రిటిష్ టీవీ కొత్త షో! నటుడితో స్క్రిప్టు ప్రకారం తిట్టించారు! సాధువులంతా డబ్బిచ్చి తెచ్చిన నటులే! షేర్ చేయండి!" దాని కింద 'యాన్ ఇడియట్ అబ్రాడ్' అనే బ్రిటిష్ ట్రావెల్ కామెడీ షో క్లిప్పులు రెండు.

కొత్త షోనా? 2010లో వచ్చింది. ఆ షోలో తిప్పి చూపించే కొత్త ఏడు వింతల్ని యునెస్కో ఏడు వింతలని కూడా రాశారు. ఆ జాబితా 2007లో ఒక స్విస్ సంస్థ ఓట్లు వేయించి తేల్చింది, యునెస్కోకి సంబంధమే లేదు. నటుడా? ఆ షోలో దేశాలు తిరిగే కార్ల్ పిల్కింగ్‌టన్ రేడియోలో ప్రొడ్యూసర్‌గా పనిచేసుకుంటుంటే కమెడియన్లు రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ మైకు ముందుకి లాగారు. ఏర్పాట్లు ముందే చేసినవే, అతనికి చెప్పరంతే.

మనల్నే తిట్టాడా? మహాశయా, చైనా గోడ ఎక్కి, ఇది గొప్ప గోడేం కాదు, ఏదో ఫర్వాలేదన్నాడు. జోర్డాన్‌లోని పెట్రాలో అంత కట్టడం ఎదురుగా పెట్టుకుని, అందులో కంటే దానికెదురుగా ఉన్న గుహలో ఉండటమే మేలని తేల్చాడు. మరి జోర్డాన్ వాళ్లు షేర్ చేయండి అన్నారా? పేరులోనే ఉంది ఇడియట్ ఎవరో. ఇంటి నుంచి చిప్స్ ప్యాకెట్లు సర్దుకుని, దేశదేశాల్లో మరుగుదొడ్ల గురించి సణిగే మనిషి. నాలుగు రోజుల సింగపూర్ టూరుకి రైస్ కుక్కర్, ఆవకాయ మోసుకెళ్లిన మా బావమరిదికి ఇతను నచ్చకపోవడమే నాకు వింత.

ఇక సాధువుల సంగతి. నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించింది ఆ ముక్కే. ఆ ఏడాది హరిద్వార్‌లో కుంభమేళా, కార్ల్‌ని అక్కడికే తీసుకెళ్లారు. కుంభమేళాలో సాధువు దొరక్క జూనియర్ ఆర్టిస్టుల యూనియన్‌కి ఫోన్ చేశారా? గంగ ఒడ్డున కూడా సెట్ వేశారా? ఏళ్ల తరబడి దీక్షలో ఉన్నవాళ్లని "డబ్బు తీసుకున్న నటులు" అని ఊరంతా పంచిపెడుతున్నది ఎవరు? ఆ మాంచెస్టర్ మనిషి వాళ్లని చూసి బిత్తరపోయాడు, మాటలు కలిపాడు. దొంగ సాధువులన్నది మీ మెసేజే. అవమానం లెక్క మళ్లీ ఒకసారి కూడుకోండి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మొన్న కోపంతో ఆ ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూశాను. అంత జనంలోనూ కెమెరా వింతగా కనబడ్డవాళ్ల దగ్గరే ఆగుతుంది. నెత్తిన మూటతో వచ్చి, మూడు మునకలు వేసి, తడి చీర పిండుకుని రైలెక్కే ముసలమ్మల దగ్గర ఆగదు. వాళ్లని చూసి నవ్వడానికేమీ ఉండదు కదా. మెసేజ్ రాసినాయన ఈ ఒక్క ముక్క రాసుంటే నేనూ నలుగురికి పంపేవాణ్ణి.