రంగు ఫైళ్లను దాచి, ముడి ఫైళ్లను పారేయడం ఏమిటి?

ఖగోళ ఛాయాచిత్రాలు తీసే మిత్రులలో ఈ మధ్య కనిపిస్తున్న ఒక అలవాటుపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. రాత్రంతా మేలుకొని ఒరాయన్ నెబ్యులానో, ఆండ్రోమెడా గెలాక్సీనో తీస్తారు. మరునాడు స్టాకింగ్ (ఫ్రేములన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే బొమ్మగా చేయడం) ముగించి, ఒక జేపెగ్ పోస్ట్ చేసి, డిస్కులో చోటు చాలడం లేదంటూ అసలు ఫ్రేములన్నిటినీ చెరిపేస్తారు. మరికొందరు ఫ్రేములను రంగులోకి మార్చి భద్రంగా దాచుకుంటారు గానీ, సెన్సార్ ఇచ్చిన ముడి ఫైళ్లను మాత్రం వదిలించుకుంటారు. ఈ రెండో పద్ధతి నాకు మరీ విచిత్రంగా తోస్తుంది, ఎందుకంటే దీనివల్ల చోటు కూడా కలిసిరాదు.

రంగు కెమెరాలోని ఒక్కొక్క పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటే ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ వచ్చిన ఈ అమరికలో ప్రతి నాలుగు పిక్సెళ్లకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ప్రతి పిక్సెల్‌లోనూ లేని రెండు రంగుల విలువలను సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను చూసి అంచనా వేసి నింపుతుంది. డీబేయర్ చేయడమంటే ఇంతే. 3008 × 3008 పిక్సెళ్ల సెన్సార్ నుండి వచ్చే 16 బిట్ల ఫిట్స్ (ఖగోళ చిత్రాలకు వాడే ఫైలు రకం) ఫైలు సుమారు 18 మెగాబైట్లు ఉంటుంది, డీబేయర్ చేశాక అదే ఫైలు 54 మెగాబైట్లు అవుతుంది. అదనంగా చేరిన ఆ 36 మెగాబైట్లలో ఆకాశం నుండి వచ్చిన ఫోటాన్ ఒక్కటీ లేదు.

చోటు సంగతి అటుంచినా, పని జరగవలసిన వరుస కూడా ఇక్కడే చెడుతుంది. డార్క్ ఫ్రేముల (మూత పెట్టి తీసినవి) విలువలను తీసివేయడం, ఫ్లాట్‌తో (ఒకే తీరు వెలుగు మీద తీసిన ఫ్రేము) భాగించడం అనేవి డీబేయర్ కంటే ముందే, పిక్సెల్‌కు పిక్సెల్ లెక్కన జరగాలి. ఎర్ర ఫిల్టర్ కింద ఒక హాట్ పిక్సెల్ (కాంతి పడకున్నా వెలిగినట్టు చూపే పిక్సెల్) ఉందనుకోండి. ముడి ఫైలులో అది ఒకే ఒక్క చుక్క. డార్క్ తీసివేయగానే చాలావరకు పోతుంది. ముందుగా డీబేయర్ చేస్తే ఆ దొంగ విలువ చుట్టూ ఉన్న పిక్సెళ్ల ఎరుపు అంచనాలోకి కూడా పాకి, చిన్న ఎర్రటి మచ్చగా పరుచుకుంటుంది. ఆ తరువాత దానిని చిన్న నక్షత్రం నుండి వేరు చేయడం సాఫ్ట్‌వేర్‌కూ కష్టమే, మన కంటికీ కష్టమే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సార్‌ను చల్లబరిచే ఏర్పాటు ఉండదు కనుక మన వేసవి రాత్రులలో ఇలాంటి చుక్కలు మరీ ఎక్కువ.

జేపెగ్‌లో మాత్రమే తీసేవారి సంగతి ఇంతకన్నా కష్టం. 14 బిట్ల సెన్సార్ ఒక్కొక్క పిక్సెల్‌కు 16,384 స్థాయిలను గుర్తించగలదు, జేపెగ్‌కు ఉన్నవి 256. నెబ్యులా అంచులలోని పల్చటి పొరలకూ నగరపు వెలుగుతో నిండిన నేపథ్యానికీ ఉండే తేడా ఆ 256లో నాలుగైదు మెట్లకు మించకపోవచ్చు. మసక భాగాలు కనిపించేలా స్ట్రెచ్ చేయగానే (వెలుగు స్థాయిలను సాగదీయగానే) ఆ నాలుగు మెట్లూ పట్టీలుగా విడిపోతాయి, వాటితోపాటు జేపెగ్ కుదింపు మిగిల్చిన 8 × 8 గళ్లు కూడా పైకి తేలుతాయి. వండిన అన్నాన్ని తిరిగి బియ్యం చేయలేము.

కొత్తవారు ముడి ఫైలు తెరిచి, బొమ్మ అంతా పచ్చగా ఉందని భయపడుతుంటారు. ఆకుపచ్చ కాంతికి సెన్సార్ ఎక్కువగా స్పందిస్తుంది, రంగులను సమం చేసే వైట్ బ్యాలెన్స్ గుణకాలు ఇంకా పడలేదు. అందుకే ఆ పచ్చదనం. రంగును చివరలో, నక్షత్రాల ఆధారంగా సరిచేయవచ్చు: సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కేటలాగ్‌లోని నక్షత్రాల విలువలతో పోల్చి ఆ పని చేసిపెడుతుంది. అయితే మార్పు చేయని డీఎస్‌ఎల్‌ఆర్‌లో 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపును సెన్సార్ ముందున్న ఫిల్టరే చాలావరకు ఆపేస్తుంది. లోపలికి రాని కాంతిని ఏ స్లైడరూ తెచ్చిపెట్టదు కనుక, అలాంటి బొమ్మలో ఎరుపును బలవంతంగా పెంచి ‘అసలు రంగు’ అని రాయడం నాకు నచ్చదు.

దాచేటప్పుడు ఫైలు హెడర్‌ను (బొమ్మ వివరాలు నమోదయ్యే మొదటి భాగం) కూడా పట్టించుకోవాలి. ఫిట్స్ ఫైలును కొన్ని ప్రోగ్రాములు పై వరుస నుండి, కొన్ని కింది వరుస నుండి చదువుతాయి. హెడర్‌లో బేయర్ అమరిక, వరుసల క్రమం సరిగా నమోదు కాకపోతే ఆకుపచ్చ స్థానంలో ఎరుపు, నీలం వచ్చి కూర్చుని బొమ్మ ఊదారంగుకు తిరుగుతుంది. ముడి ఫైలు చేతిలో ఉంటే అమరిక పేరు మార్చి మళ్ళీ డీబేయర్ చేయడానికి రెండు నిమిషాలు చాలు.

గ్రహాల విషయంలో కొంత సడలింపు ఉంది. గురుగ్రహాన్ని వేల ఫ్రేముల వీడియోగా తీసి సగటు కడతాము కనుక అక్కడ 8 బిట్లు సరిపోతాయి. అయినా డీబేయర్ చేయని ఎస్‌ఈఆర్ (ముడి వీడియో ఫైలు రకం) ఫైలుగా తీయడమే మేలు. కంప్యూటర్‌కు పంపవలసిన డేటా మూడో వంతుకు తగ్గి, ఆ మేరకు ఎక్కువ ఫ్రేములు అందుతాయి.

‘అందమైన బొమ్మ వచ్చాక ఇదంతా ఎందుకు’ అనేవారికి బీటెల్‌గూస్‌ను గుర్తు చేస్తాను. 2019 చివర మసకబారడం మొదలుపెట్టిన ఆ నక్షత్రం 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 1.6 మాగ్నిట్యూడ్‌కు దిగింది (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు). చరనక్షత్ర (వెలుగు మారుతుండే నక్షత్రాల) పరిశీలకుల అమెరికన్ సంఘం ఏఏవీఎస్‌ఓ, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ముడి ఫైళ్లలోని ఆకుపచ్చ పిక్సెళ్ల నుండి కొలిచిన విలువలను కూడా స్వీకరిస్తుంది. వెలుగు విలువలను మార్చి, అంచులకు పదును పెట్టి తయారైన జేపెగ్‌ నుండి ఆ కొలత రాదు.

మన హైదరాబాద్ నిజామియా వేధశాల పాల్గొన్న ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ (ఫోటోల నుండి కొలిచిన నక్షత్ర స్థానాల పట్టిక) ముడి కొలతలను దాచడానికి ఇంకా పాత ఉదాహరణ. అందులో గాజు ఫోటో పలకలపై నేరుగా కొలిచిన నిరూపకాలను యథాతథంగా ప్రచురించారు. అందువల్లనే దశాబ్దాల తరువాత, హిప్పార్కస్ ఉపగ్రహం కచ్చితమైన నక్షత్ర స్థానాలను ఇచ్చినప్పుడు, ఆ పాత కొలతలను కొత్తగా లెక్కగట్టి 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లో నక్షత్రాల చలనాలను తేల్చడానికి వాడుకోగలిగారు.

డిస్కులో చోటు కావలసినవారు డీబేయర్ చేసిన ఫ్రేములను, అలైన్ చేసిన (నక్షత్రాలు ఒకదానిపై ఒకటి పడేలా సర్దిన) ఫ్రేములను, మధ్యలో పుట్టే తాత్కాలిక ఫైళ్లన్నిటినీ నిస్సంకోచంగా చెరిపేయవచ్చు. అవి మళ్ళీ తయారవుతాయి. డార్క్‌లకు ఉష్ణోగ్రత, ఎక్స్‌పోజర్ వారీగా ఒక్కొక్క మాస్టర్ (చాలా ఫ్రేములను కలిపి చేసిన ఒకే ఫ్రేము) ఉంచుకుంటే చాలు. ఫ్లాట్ల మాస్టర్‌ను మాత్రం ఆ రాత్రి ముడి ఫ్రేములతోపాటు అదే ఫోల్డర్‌లో ఉంచాలి, ఎందుకంటే కెమెరాను విప్పి మళ్ళీ బిగించాక ధూళి మచ్చలు పాత చోట ఉండవు.