బంతి పట్టుకోవడమేగా, ఎవడైనా చేస్తాడట!

నిన్న రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా తోడల్లుడు ఒక్క ముక్క అన్నాడు, ఇప్పటిదాకా చల్లారలేదు నాకు. న్యూజెర్సీలో ఉంటాడు, ఎడిసన్‌లో. వెళ్లిన మొదటి ఏడే న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ యాంకీస్ టోపీ కొన్నాడు. అప్పట్నుంచి తెనాలిలో కాదు, యాంకీస్ ఆడే బ్రాంక్స్‌లోనే పుట్టినట్టు మాట్లాడతాడు. ఈ 2025 డిసెంబర్‌లో, మా బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఫస్ట్ బేస్‌లో ఆడటానికి వస్తాడనుకున్న పీట్ అలోన్సో బాల్టిమోర్ టీమ్‌తో సంతకం పెట్టేశాడని వార్త రాగానే నేను గ్రూపులో ఒక ఏడుపు బొమ్మ పెట్టాను. అంతే చేశాను. దానికి వచ్చిన జవాబు: "ఎందుకన్నయ్యా అంత టెన్షన్? ఫస్ట్ బేసేగా. బంతి పట్టుకోవడమేగా. ఎవడో ఒకణ్ని నిలబెడితే సరి."

దాని కింద మా అత్తగారు దండం బొమ్మ పెట్టారు. ఆవిడ దేనికైనా దండమే పెడతారనుకోండి.

సంక్రాంతికి వాళ్లింటికే వెళ్లాలి కాబట్టి మా ఆవిడ గ్రూపులో నన్ను నోరెత్తనివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. బేస్‌బాల్ చూడనివాళ్లు కూడా చదవండి, మధ్యలో మన లక్ష్మణ్ వస్తాడు. ఫస్ట్ బేస్ అంటే బంతి కొట్టినవాడు మొదట పరిగెత్తి చేరాల్సిన చోటు; వాడు చేరేలోపే బంతి అందుకుని ఔట్ చేయడానికి అక్కడ నిలబడేవాడే ఫస్ట్ బేస్‌మన్.

ఎవడో ఒకడు సరిపోతాడట! ఆ ఎవడో ఒకడు 2025లో మా రెడ్ సాక్స్‌కి ఏం చేశాడో బోస్టన్ చుట్టుపక్కల బతికే ఎవర్నైనా అడగండి. మే 2న ట్రిస్టన్ కసాస్ ఫస్ట్ బేస్ వైపు పరిగెత్తుతూ పరిగెత్తుతూ కూలిపోయాడు. మోకాలి చిప్ప దగ్గర స్నాయువు తెగింది, సీజన్ అయిపోయింది. మనిషి కొంచెం తేడానే, ఒప్పుకుంటా. గోళ్లకి రంగేసుకుంటాడు, మ్యాచ్‌కి ముందు చొక్కా విప్పి ఔట్‌ఫీల్డ్ గడ్డి మీద పడుకుని ఎండ కాచుకుంటాడు. ఏం, తప్పా? 2023లో కొత్త కుర్రాడిగా 24 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినప్పుడు ఆ గోళ్లు ఎవరికీ కనిపించలేదు. 2024లో పక్కటెముకల దగ్గర దెబ్బతిని నెలల తరబడి కూర్చున్నాడు కూడా. అలాంటివాడి వెనకాల ఇంకొకణ్ని సిద్ధంగా పెట్టుకోవాలని కోట్ల డాలర్ల జీతాలు తీసుకునే ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు.

తట్టకపోతే ఏం చేశారు? పెళ్లి వడ్డనలో మనిషి తక్కువైతే పక్కనున్నవాడి చేతిలో గరిటె పెట్టినట్టు, రఫాయెల్ డెవర్స్ చేతిలో గ్లవ్ పెట్టబోయారు.

ఈ డెవర్స్ సంగతి ముందు నుంచీ చెప్పాలి. 2023 జనవరిలో పదేళ్లకి 31 కోట్ల 35 లక్షల డాలర్లు రాసిచ్చిన మనిషి. థర్డ్ బేస్ అతనిది. 2025 ఫిబ్రవరిలో అలెక్స్ బ్రెగ్‌మన్‌ని తెచ్చి, "బాబూ, నీ గ్లవ్ లోపల పెట్టుకో, ఇకనుంచి నువ్వు బ్యాటింగ్ మాత్రమే" అన్నారు. గింజుకున్నాడు, కోపం తెచ్చుకున్నాడు, చివరికి సరే అన్నాడు. మే వచ్చేసరికి మళ్లీ వాళ్లే, "బాబూ, ఆ గ్లవ్ బయటికి తియ్, ఈసారి ఫస్ట్ బేస్" అన్నారు. కుదరదన్నాడు, విలేకర్ల ముందే అన్నాడు. నేనైతే ఇంకా గట్టిగా అనేవాణ్ని. ఓనరు జాన్ హెన్రీ స్వయంగా విమానం ఎక్కి కాన్సస్ సిటీ వెళ్లి మాట్లాడొచ్చాడు. మాట్లాడి ఏం సాధించాడు? జూన్ 15, ఆదివారం, ఫాదర్స్ డే. ఆ రోజుతో యాంకీస్ మీద సిరీస్‌లో మూడుకి మూడూ గెలిచాం, ఆఖరి మ్యాచ్‌లో డెవర్స్ హోమ్ రన్ కూడా కొట్టాడు. మా ఇంట్లో పండగ. గంటలు తిరక్కుండానే ఫోన్‌లో వార్త: డెవర్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపించేశారు. బదులుగా నలుగురొచ్చారు. వాళ్లలో ఒకణ్ని జులై నెలాఖరుకే ఇంకో టీమ్‌కి ఇచ్చేశారు. ఇంకొకడు జోర్డన్ హిక్స్, అతను బంతి వేయడానికి వచ్చాడంటే నేను లేచి గిన్నెలు కడుక్కునేవాణ్ని.

"మరి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫస్ట్ బేస్ ఆడాడుగా! మీ దగ్గరేం రోగం? అహంకారం కాకపోతే!" అని మా తోడల్లుడు అప్పట్లోనే అన్నాడు. ఆడాడయ్యా. నెల రోజులకు పైగా మ్యాచ్‌లకి ముందు ప్రాక్టీస్ చేయించి, అప్పుడు జులైలో దించారు. ముందు ఉన్న చోటు లాక్కుని, తర్వాత అవసరం పడితే పిలిచి, రానంటే వాడి పేరు చెడగొట్టడం అక్కడ జరగలేదు. అడిగే పద్ధతని ఒకటుంటుంది.

ఇంతకీ అసలు పాపం క్రిస్టియన్ క్యాంప్‌బెల్‌ది. డెవర్స్ గొడవలో ఈ కుర్రాడి గురించి ఎవరూ మాట్లాడరు. 22 ఏళ్లు. ఏప్రిల్‌లో అమెరికన్ లీగ్‌లో నెలకి ఉత్తమ కొత్త ఆటగాడు. 8 ఏళ్ల కాంట్రాక్ట్ కూడా చేతిలో పెట్టారు. సెకండ్ బేస్‌లో అప్పుడే కాళ్లు కుదురుకుంటున్నాయి. మే రాగానే, "నువ్వు కూడా ఫస్ట్ బేస్ ప్రాక్టీస్ చెయ్యి" అన్నారు. రోజూ మ్యాచ్‌కి ముందు అక్కడ బంతులు ఏరుతూ కనిపించేవాడు. బ్యాటింగ్ ఏమైంది? పడిపోయింది. జూన్‌లో కింద స్థాయికి, వూస్టర్‌కి పంపేశారు. నేనుండేది పక్కనే, ష్రూస్‌బరీలో. వూస్టర్ స్టేడియం పోలార్ పార్క్‌లో చూశాను అతన్ని, మొహంలో ఏప్రిల్ నాటి కళ లేదు. దానికీ దీనికీ సంబంధం లేదని లెక్కల మేధావులు గ్రాఫులు గీసి చూపిస్తారు. గీసుకోండి.

బంతి పట్టుకోవడమే అన్నాడు కదా, ఆ ముచ్చటా చూద్దాం. ఒక కాలు బేస్‌ని వదలకూడదు. ఒళ్లంతా సాగాలి. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పరిగెత్తుతూ, తిరుగుతూ, పడిపోతూ విసిరిన బంతి కాళ్ల ముందు మట్టిలో పడి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి, దాన్ని అలా ఎత్తి పట్టుకోవాలి. ఇది రోజుకి పదిసార్లు. సీజనంతా ఆడితే వెయ్యికి పైగా బంతులు అతని చేతికే వస్తాయి. పట్టుకుంటే షార్ట్‌స్టాప్ గొప్పోడు, వదిలితే ఫస్ట్ బేస్‌మన్ వెధవ. బ్యాట్‌తో మెల్లగా తాకించి ముందే పడేసే బంట్ పడితే ముందుకురకాలి, రన్నర్ ఉంటే బేస్‌కి అంటుకుని నిలబడాలి, ఔట్‌ఫీల్డ్ నుంచి వచ్చే త్రో మధ్యలో అందుకోవాలి. గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ రానివాణ్ని బౌండరీ దగ్గర నిలబెట్టామే, అది కాదు ఇది.

2025 అక్టోబర్ 2, యాంకీ స్టేడియం, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో యాంకీస్‌తో మూడో మ్యాచ్. ఓడితే ఇంటికే. అప్పటికి ఫస్ట్ బేస్‌లో ఎవరున్నారు? వాషింగ్టన్ వాళ్లు వదిలేస్తే ఆగస్టులో ఏరుకొచ్చిన నథానియల్ లో. ఒకప్పుడు మంచి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ గెలిచినవాడే. నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి అతని దగ్గర అదుపు తప్పి రెండు పరుగులు పోయాయి. 4-0తో ఓడిపోయాం. ఆ రోజు మనవాళ్లని 12 మందిని స్ట్రైక్ అవుట్ చేసిన యాంకీస్ కుర్రాడు కామ్ ష్లిట్లర్ ఎక్కడివాడో తెలుసా? వాల్పోల్, మసాచుసెట్స్. మా రాష్ట్రం వాడే! వాళ్ల ఫస్ట్ బేస్‌లో ఆడే బెన్ రైస్? కొహాసెట్, మసాచుసెట్స్! మా ఊళ్ల పిల్లలు వెళ్లి వాళ్లకి ఆడి మమ్మల్ని కొడతారు, మాకేమో ఫస్ట్ బేస్‌కి దిక్కుండదు. ఆ రాత్రి మా తోడల్లుడు గ్రూపులో పెట్టిన స్టిక్కర్లు ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి. రైస్‌ని చూపించి, "చూశావా, క్యాచర్‌ని తెచ్చి ఫస్ట్ బేస్ ఆడించలేదా" అంటాడు. ఆడించారు, పక్కన నాలుగు గోల్డ్ గ్లవ్‌లు గెలిచిన పాల్ గోల్డ్‌ష్మిట్‌ని పెట్టుకుని ఆడించారు!

ఇది మాకు ఇవాళ్టి జబ్బు కాదు. 1986 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి వెళ్లిపోయింది. ఆ వీడియో చూడని అమెరికావాడు ఉండడు. చీలమండలు పాడై సరిగా వంగలేని మనిషి అతను. ఆఖరి ఇన్నింగ్స్‌ల్లో అతని బదులు డేవ్ స్టేపుల్టన్‌ని దించడం మేనేజర్ జాన్ మెక్‌నమారాకి అలవాటే, ఆ రాత్రి మాత్రం దించలేదు. పైగా ఆ బంతి దొర్లేసరికే స్కోరు సమమైపోయింది, ఇంకో మ్యాచ్ కూడా మిగిలే ఉంది. అయినా తిట్లన్నీ ఎవరికి? బక్నర్‌కి. 2008లో మా ఫెన్‌వే స్టేడియానికి పిలిచి మొదటి బంతి వేయించి చప్పట్లు కొట్టారు, కళ్లు తుడుచుకున్నారు. ఇరవై రెండేళ్లు పట్టింది మా వాళ్లకి! ఇంకోటి, 2010లో ఆంథోనీ రిజో అనే ఫస్ట్ బేస్ కుర్రాణ్ని శాండియాగోకి ఇచ్చి ఏడ్రియన్ గొంజాలెజ్‌ని తెచ్చారు. రెండేళ్లు తిరక్కుండా గొంజాలెజ్‌నీ వదిలించుకున్నారు. 2016లో చికాగో 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆఖరి బంతి పట్టి వెనక జేబులో పెట్టుకున్నది ఆ రిజోనే.

సరే, ఇవన్నీ మింగేద్దును. కానీ నా ఏడుపు బొమ్మకి ఇచ్చిన జవాబుతో ఆగలేదు మహానుభావుడు. రెండో మెసేజ్ పెట్టాడు: "2003 వరల్డ్ కప్‌లో ద్రవిడ్‌ని కీపింగ్ చెయ్యమంటే చెయ్యలేదా? టీమ్ కోసం చెయ్యాలి. డెవర్స్‌కి ద్రవిడ్‌లో పావు వంతు సంస్కారం లేదు."

2003 వరల్డ్ కప్ గురించి, నాతో, హైదరాబాద్‌వాడితో!

ద్రవిడ్ చేతికి కీపింగ్ గ్లవ్స్ ఎందుకిచ్చారు? ఇంకొక బ్యాట్స్‌మన్‌కి చోటు మిగులుతుందని. మరి అన్ని చోట్లు మిగిల్చి ఎవర్ని తీసుకెళ్లారు? దినేశ్ మోంగియాని. లక్ష్మణ్‌ని ఇంట్లో కూర్చోబెట్టారు. కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టి రెండేళ్లు కూడా నిండలేదు. వంద టెస్టులకు పైగా ఆడిన లక్ష్మణ్ జీవితంలో ఒక్కటంటే ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ ఆడలేదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

అసలు లక్ష్మణ్ కథ డెవర్స్ కథే, చూడండి. మిడిల్ ఆర్డర్‌లో పెరిగినవాణ్ని, అక్కడ ఖాళీ లేదని ఓపెనింగ్‌కి తోశారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు. ఆ సీజన్ రంజీలో 1,415 పరుగులు. అయినా టీమ్‌లో చోటు పోయింది. అప్పుడు ఆ మెత్తటి మనిషే, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషే, ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పేశాడు. ఆడిస్తే మిడిల్ ఆర్డర్‌లో ఆడించండి, లేకపోతే హైదరాబాద్‌కే ఆడుకుంటానన్నాడు. ఆ మాటకి కట్టుబడ్డాడు కాబట్టే కోల్‌కతా వచ్చింది. లక్ష్మణ్ అంటే ఆత్మగౌరవం, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన డెవర్స్ అంటే అహంకారం. భలే!

అంబటి రాయుడు సంగతి ఎత్తమంటారా? నాలుగో నంబర్‌లో కుదురుకున్నాడని 2018లో అందరూ చెప్పుకున్నవాణ్ని 2019 వరల్డ్ కప్‌కి వదిలేసి, మూడు కోణాల్లో పనికొస్తాడని విజయ్ శంకర్‌ని పట్టుకెళ్లారు. చెప్పిందెవరు? మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్. రాయుడుదీ గుంటూరే. త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడే, తెలుగువాడి వెటకారం ప్రపంచ క్రికెట్‌కి పరిచయమైన రోజది. శంకర్‌కి దెబ్బ తగిలినప్పుడైనా పిలిచారా? మయాంక్‌ని పిలిచారు. రాయుడు రిటైర్ అయిపోయాడు. సెమీస్‌లో న్యూజిలాండ్ మీద టాప్ ఆర్డర్ పేకమేడలా కూలినప్పుడు నాలుగో నంబర్ ఎవరిదని వెతుక్కున్నాం. అక్కడా ఎవడో ఒకడు సరిపోతాడన్నారు మరి.

ఎక్కడికో వెళ్లిపోయాను. ఫస్ట్ బేస్.

ఈ 2025 డిసెంబర్ నాటికి లెక్క ఏమిటంటే, ఎవరి కోసం డెవర్స్ గ్లవ్ లాక్కున్నారో ఆ బ్రెగ్‌మన్ కాంట్రాక్ట్‌లోంచి బయటికి వెళ్లిపోయి మార్కెట్‌లో కూర్చున్నాడు. అంటే థర్డ్ బేసూ ఖాళీ, ఫస్ట్ బేసూ ఖాళీ. ఆ నథానియల్ లో అనేవాణ్ని నవంబర్‌లోనే వదిలేశారు. న్యూయార్క్‌లోని ఇంకో టీమ్ మెట్స్‌కి 264 హోమ్ రన్లు కొట్టిన అలోన్సో ఐదేళ్లకి 15 కోట్ల 50 లక్షల డాలర్లకి బాల్టిమోర్ వెళ్లాడు. మన డివిజన్‌లోనే! ఏడాదికి 13 సార్లు అతని చేత దెబ్బలు తినాలి. కైల్ ష్వార్బర్ మళ్లీ ఫిలడెల్ఫియాకే సంతకం పెట్టాడు. 2021లో మా దగ్గరే ఉన్నాడు, ఫస్ట్ బేస్ నేర్పించాం, నేర్చుకున్నాక పంపించేశాం. 2025 సీజన్‌లో 56 హోమ్ రన్లు కొట్టాడు.

రెడ్ సాక్స్‌కి ఆటగాళ్లని ఎంచే క్రెయిగ్ బ్రెస్లో గారూ, యేల్‌లో చదువుకున్నారు, తెలుగు తప్ప అన్నీ వచ్చుంటాయి. అయినా చెబుతున్నా. కసాస్ మోకాలు బాగుంటే ఆ చోటు అతనిది. గోళ్లకి ఏ రంగేసుకుంటాడో మీకనవసరం. ఎడమచేతి బౌలర్లు వచ్చిన రోజు రోమీ గొంజాలెజ్‌ని దించండి, ఆ పని అతనికి బాగా వచ్చు. మోకాలు ఇంకా కుదరలేదంటారా, ఔట్‌ఫీల్డ్‌లో అవసరానికి మించి ఉన్నారు మీ దగ్గర. ఒకణ్ని ఇచ్చి, ఫస్ట్ బేస్ ఆడటమే పనిగా ఉన్నవాణ్ని తెచ్చుకోండి. క్యాంప్‌బెల్‌ని మాత్రం కదిలించకండి. ఫిబ్రవరిలో ఫోర్ట్ మైయర్స్ ప్రాక్టీస్ క్యాంప్ నుంచి ఎవడో ఔట్‌ఫీల్డర్ చేతికి కొత్త ఫస్ట్ బేస్ గ్లవ్ తొడిగి, "సరదాగా నేర్చుకుంటున్నాడు" అని ఫొటో పెట్టారో, రెడ్ సాక్స్ మ్యాచ్‌లు చూపించే నెసన్ ఛానల్ సబ్‌స్క్రిప్షన్ ఆ పూటే తీసేస్తా.