కంఠత వాక్యాల బల్ల

పదేళ్లు దాటి పదమూడు నిండని పిల్లలను ఏ గుంపులో కూర్చోబెట్టాలన్నది ప్రతి క్రైస్తవ సంఘానికీ ఏటా మే నెలలో ఎదురయ్యే చిక్కు. వేసవి సెలవుల్లో జరిగే బైబిలు బడి, అంటే వీబీఎస్‌లో చిన్నపిల్లలతో కలిసి చేతులూపుతూ పాడమంటే వారికి నామోషీ, యవ్వనస్థుల కూటానికి పంపుదామంటే ఇంకా మీసాలు రాలేదు. అందుకని మా గుంటూరు వైపు ఒక సంఘంలో వారికోసం ప్రత్యేకంగా సదస్సు పెట్టి, వాలంటీరునైన నన్ను కంఠత వాక్యాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

నిబంధన కమిటీవారిది, గోడకు అంటించిన చార్టు మీద పెద్ద అక్షరాలతో ఉంది. ఒక బైబిలు వచనం చూడకుండా అప్పజెప్పినవారికి ఒక చాక్లెట్. యోహాను సువార్త మూడో అధ్యాయం పదహారో వచనంతో మొదలుపెట్టి పిల్లలు రోజుకు రెండో మూడో నేర్చుకుంటారన్న అంచనాతో కార్యదర్శి గారు సదస్సు ముగిసేదాకా సరిపడా డబ్బాలు తెప్పించారు. ఈ వయసువారు నిబంధనను ప్లీడర్లు చదివినట్టు చదువుతారన్న సంగతి ఆ అంచనాలో లేదు.

మొదట వచ్చిన కుర్రవాడు చేతులు కట్టుకుని, "యేసు కన్నీళ్లు విడిచెను. యోహాను పదకొండు, ముప్పై అయిదు. వందనాలన్నా" అని చేయి చాపాడు. వాడి వెనకవాడూ అదే చెప్పాడు, ఆ వెనకవాడూ అంతే. టిఫిను వేళకు ఆ హాలులో యేసుప్రభువు విడిచినన్ని కన్నీళ్లు సువార్తలన్నిటిలో కలిపినా ఉండవు. ఆ తరువాత "ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి", దాని పక్కనే ఉన్న "యెడతెగక ప్రార్థనచేయుడి", ఆపైన "లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడి" వరుసగా దిగాయి. కొత్త నిబంధనను 1551లో వచనాలుగా విడగొట్టి అచ్చువేసిన రాబర్ట్ ఎస్తియెన్ ఆ పనిలో కొంత ప్రయాణంలో చేశాడని అతని కొడుకే చెప్పాడట. అతడు ఇంకాస్త నిదానించి, ఈ చిన్న వచనాలను పక్కవాటితో కలిపి ఉంటే మాకు రెండు డబ్బాలైనా మిగిలేవి.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచుతుండగానే కమిటీ అత్యవసరంగా సమావేశమై, అయిదు మాటలకు తక్కువున్న వచనం చెల్లదని చార్టు మీద ఎర్రసిరాతో చేర్చింది. కార్యదర్శి గారు తృప్తిగా నుదుటి చెమట తుడుచుకున్నారు.

అప్పుడు రెండు జడల అమ్మాయి ఒకతె నింపాదిగా వచ్చి, "అన్నా, నూట ముప్పై ఆరో కీర్తన చెప్పనా?" అని అడిగింది. మంచి పిల్ల, కీర్తన మొత్తం నేర్చుకుంది కాబోలని సంతోషించాను. ఆ కీర్తనలో 26 వచనాలున్నాయనీ, ప్రతి వచనమూ "ఆయన కృప నిరంతరముండును" అనే ముగుస్తుందనీ, అంటే సగం పాఠం ఊరికే వస్తుందనీ ఆమె అప్పటికే లెక్క వేసుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం ఆరాధనలో గురువుగారు ఒక సగం చదివితే సంఘం మిగతా సగం చదివే అలవాటుంది కదా. ఆమె మొదటి సగం అనగానే వరుసలో ఉన్నవారంతా రెండో సగం అందుకున్నారు. వంటపాక దగ్గర మజ్జిగ కలుపుతున్న పెద్దమ్మగారు కూడా గరిటె ఆపకుండానే గొంతు కలిపారు. కీర్తన ముగిసేసరికి, తలా ఇరవై ఆరు చాక్లెట్లు రావాలని వరుస యావత్తూ వాదించింది. "సగం చెప్పాం కాబట్టి పదమూడైనా ఇవ్వండన్నా" అని ఒక బక్కపలచని అబ్బాయి రాజీకి కూడా వచ్చాడు.

డబ్బా అడుగు కనిపించింది. కార్యదర్శి గారు స్కూటరు మీద బజారుకు పరుగెత్తి, ఎండకు రేపరుకు అంటుకుపోయిన చాక్లెట్లు కొన్నీ, వేరుశనగ ఉండలు కొన్నీ సంచీలో వేసుకుని తిరిగివచ్చే వేళకు పాస్టరు గారు వేదిక మీద ఉన్నారు. ఆయన ఆ సాయంత్రమే పొరుగూరి నుంచి వచ్చారు. చార్టు సంగతి ఆయనకు తెలియదు. పిల్లలు ఏకకంఠంతో కీర్తన చెప్పడం విని ఆయన కళ్లు చెమర్చాయి. మైకు అందుకుని, ఇంతటి వాక్యాసక్తిని తన పరిచర్యలో చూడలేదని చెప్పి, రేపు 119వ కీర్తన కంఠత పెట్టి రావాలని ప్రకటించారు.

పిల్లలు ఒక్కసారిగా బైబిళ్లు తెరిచి చివరి వచనం అంకె చూసుకున్నారు. 176. హాలంతా "ఆమేన్" అని మారుమోగింది. కార్యదర్శి గారు సంచీ నా బల్ల మీద పెట్టి, రేపు తనకు బ్యాంకు పని ఉందని చెప్పి వెళ్లిపోయారు.