కొత్త బాండ్ సంగతి తర్వాత, ముందు పాత లెక్క చెప్పండి

కాలిఫోర్నియాలో ఎన్నికలు వచ్చాయంటే చాలాచోట్ల బ్యాలెట్ చివర్లో ఒక కమ్యూనిటీ కాలేజీ బాండ్ కనిపిస్తుంది, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీల భవనాల కోసం అప్పు తెచ్చుకోవడానికి ఓటర్లను అనుమతి అడగడం. కారుతున్న పైకప్పులు బాగుచేస్తాం, సైన్స్ ల్యాబులు కడతాం, పాత భవనాలు భూకంపాలకు తట్టుకునేలా చేస్తాం అని 75 పదాల్లోపు రాసి ఉంటుంది. కాదనడానికి ఎవరికీ మనసు రాదు. గొడవంతా ఓటు పడ్డాక మొదలవుతుంది. అడిగేటప్పుడు చెప్పేది ఒకటి, ఖర్చు దగ్గరికొచ్చేసరికి జరిగేది ఇంకొకటి.

లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ కాలేజ్ డిస్ట్రిక్టునే చూడండి. తొమ్మిది కాలేజీలను నడిపే ఈ డిస్ట్రిక్టు 2001లో 124.5 కోట్ల డాలర్లు, 2003లో 98 కోట్లు, 2008లో 350 కోట్లు అడిగింది, జనం మూడుసార్లూ ఇచ్చారు. 2011లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆ డబ్బు ఎటు పోయిందో తవ్వి వరసగా కథనాలు వేస్తే దుబారా, నాసిరకం పనులు బయటపడ్డాయి. అదే ఏడాది రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ చేసిన ఆడిట్ కూడా పర్యవేక్షణ సరిగా లేదని తప్పుపట్టింది. అయినా 2016లో మళ్లీ 330 కోట్లు, 2022లో ఏకంగా 530 కోట్లు! మొత్తం 1,430 కోట్ల డాలర్లు దాటింది. ఇంత జరిగినా అడిగినంత దొరుకుతుందని తెలిశాక మిగతా డిస్ట్రిక్టులు మాత్రం ఎందుకు జాగ్రత్తపడతాయి?

అసలు ఒప్పందం ఇది కాదు. 2000 దాకా ఇలాంటి బాండ్ నెగ్గాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఆ ఏడాది రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 39 అనే చట్టం దాన్ని 55 శాతానికి దించింది, కానీ ఊరికే దించలేదు. ఏ పనులు చేస్తారో ముందే జాబితా ఇవ్వాలి, టీచర్ల జీతాలకు, రోజువారీ ఖర్చులకు ముట్టుకోకూడదు, ఏటా ఆడిట్ చేయించాలి, పౌరుల పర్యవేక్షణ కమిటీ పెట్టాలి. ఓట్ల గీత దించినందుకు జనానికి ఇచ్చిన హామీ ఇదే. ఇప్పుడు ఆ జాబితాలు చూడండి, రిపేరు నుంచి కొత్త భవనం దాకా దేన్నైనా ఇరికించేంత వదులుగా రాస్తారు. ఇక కనీసం ఏడుగురు ఉండాల్సిన ఆ కమిటీని నియమించేది ఎవరనుకున్నారు? డబ్బు ఖర్చుపెట్టే ట్రస్టీల బోర్డే! పని ఆపే అధికారం కమిటీకి లేదు. ఖర్చయ్యాక లెక్కలు చూసి జనానికి చెప్పడమే దాని పని. కాపలా ఉందని ఓటరుకు నమ్మకంగా చెప్పి, ఆ కాపలాదారు చేతులు కట్టేయడం మోసం కాక మరేమిటి?

రాష్ట్రం ఇచ్చేది చాలదు, స్థానిక బాండ్ లేకపోతే భవనాలు కూలిపోతాయి అని కాలేజీల వాళ్లంటారు. అది నిజమే, 2024లో నెగ్గిన వెయ్యి కోట్ల డాలర్ల రాష్ట్ర బాండ్ ప్రపోజిషన్ 2లో మొత్తం కమ్యూనిటీ కాలేజీల వాటా 150 కోట్లే. కానీ అవసరం నిజమైనదైతే లెక్క చెప్పడానికి భయమెందుకు?

ఈ అప్పు తీర్చేది ఇంటి పన్నుతోనే, అదీ ఇంటి పన్ను విలువలో ఒక శాతం దాటకూడదని ప్రపోజిషన్ 13 పెట్టిన పరిమితికి అదనంగా. కమ్యూనిటీ కాలేజీ బాండ్ ఒక్కోదానికి లక్ష డాలర్ల విలువ మీద ఏడాదికి 25 డాలర్ల దాకా వేయొచ్చు, అంటే పన్ను లెక్కల్లో పది లక్షల డాలర్లున్న ఇంటికి 250 డాలర్ల దాకా. స్కూల్ డిస్ట్రిక్టుల బాండ్లు వేరే. కూపర్టినో, ఫ్రీమాంట్ లాంటి చోట్ల ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లలో చాలామంది హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నారు, వాళ్లు ఈ పన్ను కడతారు గానీ ఓటు వేయలేరు. వాళ్ల తరఫున అడగాల్సింది పౌరసత్వం ఉన్నవాళ్లే.

మేము బాండ్లకు వ్యతిరేకం కాదు. మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే డి ఆంజా, ఓలోని లాంటి కమ్యూనిటీ కాలేజీల్లో క్లాసులు తీసుకుంటున్నారు, ఆ గదులు బాగుండాలనే మేమూ కోరుకుంటాం. కానీ పాత జాబితాలో ఏది పూర్తయింది, ఏది ఆగింది, అనుకున్నదానికంటే ఎంత ఎక్కువైంది అన్నది ఒక్క పేజీలో ఓటరు ముందు పెట్టనంతవరకు కొత్త బాండ్‌కు మా మద్దతు లేదు. కమిటీని బోర్డు కాకుండా బయటివాళ్లు నియమించేలా చట్టం మార్చాలి.

ట్రస్టీలూ, మీరు ఎన్నికైన వాళ్లు, కాంట్రాక్టర్లకు కాదు, మాకు జవాబు చెప్పాలి. ఓటున్న మన వాళ్లకూ ఒక మాట. అధ్యక్షుడి పేరు దగ్గర టిక్కు పెట్టి, కాలేజీ ట్రస్టీ ఎవరో, కింద ఉన్న బాండ్ ఎంతో చూడకుండా కవరు అంటించేసి, తర్వాత ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చాక వాట్సాప్ గ్రూపుల్లో గోల పెడితే ఎవరు వింటారు? పర్యవేక్షణ కమిటీ సమావేశాలకు ఎవరైనా వెళ్లొచ్చు. వెళ్లి అడగండి.