ముందు మంచం, తర్వాతే మోక్షం

కాలినడకన తీర్థయాత్ర చేసేవాడికి ఉండవలసింది భక్తి అని పెద్దలు పొరబడ్డారు. భక్తి లేకపోయినా ఓర్పుంటే చాలని మరికొందరు సర్దిచెప్పారు. అదీ తప్పే. ఫ్రాన్స్ సరిహద్దు కొండల నుంచి స్పెయిన్ పడమటి కొసన ఉన్న సాంతియాగో దె కాంపొస్తేలా దాకా, అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని నమ్మే చోటికి, దాదాపు 780 కిలోమీటర్లు 'కమీనో' అనే దారిలో నడిచే యాత్రికులను కాస్త గమనిస్తే అసలు సంగతి బోధపడుతుంది. యాత్రికుడికి ఉండవలసింది కింది బెర్తు. గోడ వారగా, ఛార్జింగ్ ప్లగ్గు చేతికందేలా, గురక పెట్టేవాడికి నాలుగు మంచాల దూరంలో.

దారి పొడవునా 'అల్బెర్గే' అనే యాత్రికుల సత్రాలున్నాయి. ఊరివాళ్లు నడిపే వాటిలో చాలాచోట్ల ముందుగా మంచం పట్టిపెట్టరు. ఎవరు ముందొస్తే వాళ్లదే. తలుపు తెరిచేది మధ్యాహ్నం. గుమ్మం ముందు వరస అంతకు చాలా ముందే మొదలవుతుంది. అందులో మనుషులుండరు, వీపు సంచులుంటాయి. పట్టీలకు ఈ యాత్రకు గుర్తైన ఆల్చిప్పలు వేలాడేసుకుని, ఒకదాని వెనక ఒకటి, యజమానులకు ఏనాడూ లేని క్రమశిక్షణతో నిలబడి ఉంటాయి. ఆ యజమానులు ఎదురుగా బార్లో కూర్చుని, కొత్తగా వచ్చినవాడెవడైనా తన సంచిని ముందుకు జరుపుతాడేమోనని ఓ కంట కనిపెడుతూ, అహంకారాన్ని వదులుకోవడం ఎలాగో ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. ఎంత చెప్పుకున్నా, యాకోబు కరుణించినా తలుపు మీది 'కంప్లేతో' బోర్డు కరుణించదు. నిండిపోయిందంటే నిండిపోయిందే.

ఈ వరసలో ముందుండాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి. నుదుటికి లైటు కట్టుకుని, ఇరవై మంది నిద్రపోతున్న గదిలో ప్లాస్టిక్ కవర్లు సర్దుకోవాలి. ఇక్కడ యాత్రికుడి సంస్కారం చూసి తీరాలి. పక్కవాళ్లకు నిద్రాభంగం కాకూడదని కవరును మెల్లగా, అతి మెల్లగా విప్పుతాడు. గబుక్కున లాగితే క్షణంలో పోయే చప్పుడు, ఈ దయాగుణం వల్ల పావుగంట సాగుతుంది. ఈలోగా ఆ నుదుటి లైటు గదిలోని ప్రతి ముఖాన్నీ ఒకసారి పలకరించి వస్తుంది.

ఇంత పోటీ మనకెందుకనుకునే సాత్వికులు గదులు ముందే బుక్ చేసుకుని, సంచి మాత్రం బండిలో పంపిస్తారు. స్పెయిన్ తపాలాశాఖే ఒక బస నుంచి మరో బసకు సంచులు చేరవేసే సేవ నడుపుతోంది. చేసిన కర్మ మూట ఎవరిది వాళ్లే మోయాలని మన వేదాంతులు అన్నారంటే, పాపం, వాళ్లకు పార్సెల్ సౌకర్యం లేదు.

ఉత్త మంచం దొరికితే సరిపోదు, అది మరపురాని మంచం కావాలి. ఎవరికీ తెలియని చోటు చెప్పమని అందరినీ అడిగి, అందరూ చెప్పిన ఒకే చోటికి అందరూ వెళతారు. కాస్త్రొహెరిస్ ఊరికి కాస్త ఇవతల సాన్ అంతోన్ అని శిథిలమైన పాత మఠం ఉంది. గోడలూ కమానులూ నిలిచాయి, కప్పు ఎప్పుడో పోయింది. ఆ గోడల నడుమే చిన్న సత్రం. కరెంటు లేదు, వేణ్నీళ్లు లేవు. తిరిగొచ్చినవాళ్లు యాత్ర మొత్తంలో అదే గొప్ప రాత్రి అంటారు. వేణ్నీళ్లు రాని మామూలు లాడ్జికి వీళ్లే ఒక్క స్టార్ ఇచ్చి ఉంటారు. కరెంటు కూడా లేక, చుట్టూ కట్టడం కూడా కూలిపోయి ఉంటేనే ఐదు స్టార్లు. హోటళ్లవాళ్లు ఈ సూత్రాన్ని ఇంకా ఎందుకు అందిపుచ్చుకోలేదో నాకు అర్థం కాదు.

ఇంకాస్త ముందుకెళితే సాన్ నికొలాస్ అనే పాత చిన్న చర్చి. ఇటలీ నుంచి వచ్చిన భక్తసంఘం వాళ్లు అక్కడ కొవ్వొత్తుల వెలుగులో భోజనం పెట్టే ముందు యాత్రికుల పాదాలు కడుగుతారు. అందుకని యాత్రికులు బయటే శుభ్రంగా కాళ్లు కడుక్కుని లోపలికెళతారు. గ్రాన్యోన్ చర్చి సత్రంలోనైతే నేల మీద పరుపులు, తలుపు దగ్గర మూత తెరిచిన పెట్టె: ఇవ్వగలిగింది ఇవ్వండి, అవసరమైంది తీసుకోండి అని. తోచినంత ఇవ్వమన్న చోట మనిషికి ఎంత తక్కువ తోచగలదో ఇలాంటి పెట్టెల దగ్గరే తెలుస్తుంది.

ఈ దారిలో యాత్రికుల ఏడుపు ఈనాటిది కాదు. 12వ శతాబ్దంలోనే ఈ దారికి లాటిన్‌లో ఒక గైడు రాశారు. సలాదో అనే ఉప్పునీటి ఏటి ఒడ్డున ఆ ప్రాంతమైన నవార్రాకు చెందిన ఇద్దరు మనుషులు కత్తులు నూరుకుంటూ కూర్చున్నారట. ఈ నీళ్లు గుర్రాలు తాగొచ్చా అని అడిగితే, నిక్షేపంగా అన్నారట. తాగిన గుర్రాల్లో రెండు అక్కడికక్కడే చచ్చిపోతే, నూరిన కత్తులతో తోలు ఒలుచుకున్నారని రాసిన పెద్దమనిషి కడుపుమంట. అదే గైడులో పక్కనున్న ఎస్తేయా ఊళ్లో రొట్టె మంచిదనీ, వైన్ శ్రేష్ఠమనీ, మాంసం, చేపలు పుష్కలమనీ ఉంది. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత జనం చెప్పుకునేది గుర్రాల సంగతే. రొట్టె బాగున్న ఊరు ఎవడిక్కావాలి? (అదే ఎస్తేయా దాటగానే ఇరాచే దగ్గర తిప్పితే వైన్ వచ్చే కొళాయి 1991 నుంచీ ఉంది. అక్కడ మాత్రం మంచం సంగతి ఎవరూ ఎత్తరు.)

సర్రియా ఊరు వచ్చాక రద్దీ అసలు రూపం చూపిస్తుంది. నడిచినట్టు ధ్రువపత్రం కావాలంటే చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు; సర్రియా నుంచి సాంతియాగోకు దూరం అంతకు కాస్త ఎక్కువ. 2024లో ఆ పత్రం పుచ్చుకున్నవాళ్లు దాదాపు 5 లక్షలు. ఇక్కడి నుంచి యాత్రికుడి పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. చర్చి ముద్రా చెల్లుతుంది, బారు ముద్రా చెల్లుతుంది. ఏ ముద్ర ఎక్కువ ఉంటుందో చెప్పను.

చివరికి సాంతియాగో పెద్ద చర్చి పక్కనే, ఒకప్పుడు రాజదంపతులు పేద యాత్రికుల కోసం కట్టించిన ఆసుపత్రి కనిపిస్తుంది. ఇప్పుడది ఐదు నక్షత్రాల హోటలు. పాత ఆనవాయితీ పోకుండా రోజూ మొదట వచ్చిన పదిమంది యాత్రికులకు ఉచితంగా భోజనం పెడతారు. నాలుగున్నరకు లేచినవాడి తపస్సు ఫలించేది ఇక్కడే.

యాకోబు పండుగ జులై 25 ఆదివారం నాడు పడితే అది పవిత్ర సంవత్సరం. అలాంటిది 2027లో వస్తోంది, జనం విరగబడతారు. గది ఇప్పుడే పట్టుకోండి. వైరాగ్యం అక్కడికెళ్లాక చూసుకోవచ్చు, దానికి రద్దీ లేదు.